ఉమ్మి వేరు, కళ్ళె వేరు

"కళ్ళె పరీక్షలో ఏమీ లేదన్నారు డాక్టరు గారూ! మరి ఈ దగ్గు తగ్గదేం?" అంటూ రామచంద్రపురం నుంచి ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చింది. మూడు నెలలుగా దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. మనిషి బాగా చిక్కిపోయింది.

పరీక్షకు ఏమిచ్చారని అడిగాను. నలుగురిలో గట్టిగా దగ్గటానికి సిగ్గనిపించి, డబ్బాలో కాస్త ఉమ్మి ఇచ్చిందట. మర్నాడు తెల్లవారుజామున తీసిన అసలు కళ్ళె తెప్పించాను. అందులో క్షయ క్రిములు కనిపించాయి. ఈ మూడు నెలలూ చంటి మనవడు ఆవిడ పక్కలోనే పడుకున్నాడు!

ఉమ్మి నోట్లో ఊరేది. కళ్ళె ఊపిరితిత్తుల నుంచి వచ్చేది. వాయునాళాల లోపలి గోడలకు జిగట శ్లేష్మం పూతలా ఉంటుంది. మనం పీల్చిన దుమ్ము, క్రిములు దానికి అంటుకుంటాయి. గోడల మీది సన్నని నూగు, గాలికి వరిచేను ఊగినట్టు కదులుతూ ఆ శ్లేష్మాన్ని గొంతు వైపు నెట్టేస్తుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు పొగ ఈ నూగునే దెబ్బ తీస్తుంది.

మరి క్షయ క్రిమి ఈ కాపలాను ఎలా దాటుతుంది? రోగి దగ్గినప్పుడు వెలువడే తుంపరలు గాలిలో ఆరిపోయి అతి సూక్ష్మమైన రేణువులవుతాయి. అవి జిగటకు చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. క్రిములు అక్కడ పెరిగి, ఊపిరితిత్తిని తొలిచి, కళ్ళెలో కలుస్తాయి. కాపాడవలసిన శ్లేష్మమే అప్పుడు జబ్బును మోస్తుంది. జబ్బును పట్టించేదీ అదే.

1882లో రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనుగొన్నాడు. మిల్లీలీటరు కళ్ళెలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములుంటేనే మైక్రోస్కోపులో కనబడతాయి. నేటి సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు అంతకంటే తక్కువున్నా పట్టగలవు. కాని ఉమ్మి ఇస్తే యంత్రమూ మోసపోవచ్చు.

కనుక రెండు వారాలు దాటి దగ్గుంటే, దగ్గుమందు సీసాలు మారుస్తూ కూర్చోక పరీక్ష చేయించుకోండి. పొద్దున్నే నీళ్ళతో నోరు పుక్కిలించండి. పెరట్లోకో, డాబా మీదకో ఒంటరిగా వెళ్ళి, రెండు మూడుసార్లు గాఢంగా ఊపిరి పీల్చి, రొమ్ము లోపలి నుంచి దగ్గి కళ్ళె తీయండి. కనీసం రెండు మిల్లీలీటర్లుండాలి. మూత బిగించి ఆలస్యం లేకుండా అందజేయండి. చిన్నపిల్లలు కళ్ళె మింగేస్తారు కాబట్టి వారి సంగతి డాక్టరుకు చెప్పండి.

క్షయకు ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు, రోజూ వాడాలి. మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోకండి. అది మందు రంగే. కాస్త నెమ్మదించగానే మానేస్తే జబ్బు మొండికెత్తుతుంది. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి. కిటికీలు తెరిచి ఉంచండి. కళ్ళె ఎక్కడపడితే అక్కడ ఉమ్మకండి.

ఆవిడ ఇప్పుడు మందులు వాడుతోంది. మనవడికి జబ్బు లేదని తేల్చుకున్నాక, రాకుండా ఉండేందుకు మందు మొదలుపెట్టాం. మీ ఇంట్లోనూ ఎవరైనా వారాల తరబడి దగ్గుతుంటే, సిగ్గుపడనివ్వకండి. డబ్బా చేతికిచ్చి, ఎలా పట్టాలో మీరే చెప్పండి.