సిరా కొలత యెవరి చేతిలో?

ధాన్యము అమ్మినవాడే కొన్నవాని యింటికి వచ్చి, గాదెలోనికి తొంగియైన చూడక, "మీ ధాన్యము అయిపోయినది, మరల కొనుడు" అని చెప్పి గాదెకు తాళము వేసిన యెడల ఏ గృహస్థుడు సహించును? ఇంక్‌జెట్ ప్రింటరును కొన్నవారు పలువురు నేడు సహించుచున్నది ఇట్టి వ్యవహారమునే. విషయము అల్పముగా తోచవచ్చును. కాని అమ్మినవాని చేతిలోనే కొలపాత్ర యుండవచ్చునా యను ప్రశ్న అల్పమైనది కాదు.

ఈ యంత్రము సిరాను అతిసూక్ష్మ బిందువులుగా కాగితముపై చిమ్మును. బిందువు పరిమాణమును లీటరులో లక్షకోటవ వంతును ప్రమాణముగా గొని లెక్కింతురు. పెక్కు ప్రింటర్లలో కార్ట్రిడ్జి యందలి సిరాను నిజముగా కొలుచు సాధన మేదియు లేదు. ఎన్ని బిందువులు చిమ్మబడెనో యంత్రము లెక్కించి, నిండు పరిమాణము నుండి తీసివేసి, శేషమును కార్ట్రిడ్జికి అతికిన చిప్పులో వ్రాసికొనును. తెరపై కనబడు మట్టము చూచి చెప్పినది కాదు, ఊహించి చెప్పినది. కానన్ కార్ట్రిడ్జిలు కొన్నింటిలో అడుగున పట్టకము నమర్చి, వెలుతురు ప్రతిఫలించు తీరునుబట్టి సిరా అడుగంటుటను గ్రహింతురు. నడిమి మట్టమునకు అచ్చటను లెక్కయే గతి.

సిరా లేకుండ నడచిన ప్రింట్‌హెడ్డు చెడిపోవును గనుక కొంత మిగులగనే ఆపుచున్నామని తయారీదారుల సమాధానము. ఇందు సత్యము లేకపోలేదు. వేడిచే బిందువులను వెలువరించు రకమున ఆ భాగమును చల్లార్చునది సిరాయే. ఒత్తిడిచే వెలువరించు రకమున గాలి చొరబడిన బిందువు సరిగా రాలదు. అయినను ఆ మిగులుసిరాకు వెల చెల్లించినవాడు కొనుగోలుదారుడు. అది యెంతయో అతనికి చెప్పువారు లేరు.

ఇంతకన్న పెద్ద వ్యయము వేరొకటి గలదు. రంధ్రములు ఎండి పూడిపోకుండ యంత్రము తనంత తానే సిరాను వెలిగ్రక్కి శుభ్రపరచుకొనును. ఆ సిరా కాగితమునకు చేరక, అడుగుననున్న మెత్తలో ఇంకిపోవును. అప్పుడప్పుడు మాత్రమే వాడు ప్రింటర్లలో పెక్కింట, సిరాలో సగమో అంతకు తక్కువయో మాత్రమే కాగితమునకు చేరినదని అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ 2013లో పరీక్షించి ప్రకటించెను. ఆ మెత్త నిండెననుటకును లెక్కయే ఆధారము. లెక్క పూర్తి యైనంతనే కొన్ని యంత్రములు పని మానివేయును.

న్యాయస్థానములు ఈ వ్యవహారమును గమనింపకపోలేదు. సిరా యుండగనే లేదని చూపుచున్నదను అభియోగముపై ఎప్సన్ సంస్థ అమెరికాలో 2006లో, తప్పు నొప్పుకొనకయే, రాజీపడి వాడుకరులకు 45 డాలర్ల చొప్పున పరిహార మిచ్చుట కంగీకరించెను. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని ఇతరుల కార్ట్రిడ్జిలను హఠాత్తుగా నిరాకరించినవి. ముందుగా సరిగా తెలుపనందుకు ఆ సంస్థ క్షమాపణ చెప్పుకొనెను. ఇట్టి ఆంక్షలను కొనుగోలుదారులకు స్పష్టపరుపలేదని ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020లో హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా విధించెను. 2022లో చిప్పుల కరవు వచ్చినప్పుడు కానన్ సంస్థ చిప్పులేని టోనరు కార్ట్రిడ్జిలను పంపి, యంత్రము చూపు హెచ్చరికను త్రోసిపుచ్చి వాడుకొనుడని జర్మనీలోని వాడుకరులకు తెలిపెను. టోనరు సిరా కాకపోయినను, చిప్పు లేనిదే ముద్రణ సాగదను వాదములో ఎంత బలమున్నదో దీనివలన తేటపడినది.

మార్గము లేకపోలేదు. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో ప్రవేశపెట్టిన తొట్టి ప్రింటరులో సిరాను సీసాతో పోసికొని, మట్టమును కంటితోనే చూడవచ్చును. ఇట్టి యంత్రములు మన దేశమునను విరివిగా అమ్ముడగుచున్నవి. పొట్లముపై నికర పరిమాణమును ప్రకటింపవలెనను మన తూనికల కొలతల చట్టము, కార్ట్రిడ్జి "ఖాళీ" అని యంత్రము ప్రకటించునాటికి అందు మిగులునది యెంతయో ప్రకటింపవలెనని యేల విధింపరాదు? 2022లో మరమ్మతు హక్కు పోర్టలును తెరచిన ప్రభుత్వము ఇంకొక అడుగు వేయవలెను. యంత్రము హెచ్చరింపవచ్చును, తాళము వేయరాదు. తన సొమ్ముతో కొన్న తుదిచుక్కను వాడుటయో మానుటయో నిర్ణయించు అధికారము కొన్నవానిది.