ఆదివారం బస్సు ఎవరికి బరువు?

ఆదివారం జనం ఉండరట! శని, ఆదివారాల్లో పల్లె రూట్ల ట్రిప్పులు తగ్గిస్తే డీజిలు మిగులుతుందని, నష్టం తగ్గుతుందని లెక్కలు చెప్పే పెద్దలు ఏ కాలంలోనూ ఉన్నారు. ఆఫీసులకి సెలవు, బళ్లకి సెలవు, కనుక బస్సుకీ సెలవు. ఇదీ వాళ్ల తర్కం. అది నెల జీతాల వాళ్ల క్యాలెండరు. నాట్లకి ఆదివారం లేదు. జీడిపిక్కల ఏరుడుకి ఆదివారం లేదు. జొరానికి అసలే లేదు.

నర్సీపట్నం సంగతే చూద్దాం. ఈ ఊరికి రైలు లేదు. నర్సీపట్నం రోడ్డు అని ఒక స్టేషనుకి పేరైతే పెట్టారు గాని, అక్కడికి పోవాలన్నా బస్సో ఆటోయో ఎక్కాల్సిందే. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, మాకవరపాలెం మండలాల కూలీ జనం ఆసుపత్రికైనా, ఎరువు మూటకైనా ఇక్కడికే వస్తారు. పైనుంచి చింతపల్లి, గూడెం కొత్తవీధి గిరిజనులు ఘాటీ దిగి వచ్చేదీ ఇక్కడికే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాకి, చింతపల్లి పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లాకి పోయాయి. కాగితం మీద గీత గీశారు. జనం తిరిగే దారి మారలేదు.

శనివారం సాయంత్రం కాంప్లెక్సులో ఒక గంట నిలబడితే చాలు, ఆ రోజుల్లో జనం ఉంటారో ఉండరో తెలుస్తుంది. అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసే కుర్రాళ్లు సంచీ భుజాన వేసుకుని ఇళ్లకి వస్తారు. హాస్టలు పిల్లల్ని చూడ్డానికి తల్లులు బయల్దేరతారు. వార్డులో పడుకున్న మనిషికి కేరేజీ పట్టుకెళ్లేవాళ్లు, సంతకి గంప దించేవాళ్లు... వీళ్లెవరూ షికారుకి పోయేవాళ్లు కాదు. షికారు జనానికైతే కార్లున్నాయి. చలికాలం ఆదివారాలు లంబసింగి మలుపుల్లో వాటికి దారివ్వడానికి మన బస్సే ఆగాలి.

మరి లెక్కల్లో బస్సు ఖాళీగా ఎందుకు కనిపిస్తుంది? ఇక్కడే కిటుకు ఉంది. ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా ట్రిప్పు రద్దు చేస్తారు. మరుసటి వారం బస్సు రెండు గంటలు ఆలస్యం. మూడో వారం వస్తుందో రాదో తెలియని బస్సు కోసం చంటిపిల్లతో రావిచెట్టు కింద ఎవరు కూర్చుంటారు? ఆటో ఎక్కిపోతారు. అప్పుడు బస్సు వస్తుంది, ఖాళీగా! కండక్టరు మిషనులో పడిన టిక్కెట్లే లెక్క. ఎదురుచూసి విసిగి పోయినవాళ్లు ఆ మిషనులో పడరు. కిలోమీటరుకి ఇంత ఆదాయం, సీట్లు నిండింది ఇంత శాతం అని కాగితం తయారవుతుంది, ఆ కాగితం చూపించి ట్రిప్పు ఎత్తేస్తారు. కాళ్లు విరగ్గొట్టి, వీడు నడవలేడు గనక చెప్పులు దండగ అన్నట్టుంది.

ఇంకొకటి. పొద్దున్న ఊళ్లోంచి కిక్కిరిసి వచ్చిన బస్సు వెనక్కి ఖాళీగా పోతుంది. సాయంత్రం దీనికి తిరగేసి. రెండూ కలిపి సగటు తీస్తే సగం బస్సు. ఆ సగటులో, ఫుట్‌బోర్డు మీద వేలాడిన మనిషి కనబడడు.

"వ్యాపార సూత్రాల మీద నడపాలని చట్టమే చెప్పింది" అంటారు. నిజమే, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 22వ సెక్షనులో ఆ మాట ఉంది. అదే చట్టం 18వ సెక్షను చదవరేం? ప్రజలకి చాలినంత, సమర్థమైన రవాణా కల్పించడం సంస్థ విధి అని అక్కడుంది. 1958 జనవరిలో మన ఆర్టీసీ ఏర్పడ్డాక కృష్ణా జిల్లా రూట్లు జాతీయం చెయ్యబోతే ప్రైవేటు మోటారు యజమానులు సుప్రీంకోర్టు దాకా పోయి పోట్లాడారు. లాభం వచ్చే రూటు మీద వాళ్లకంత మమకారం. లాభం రూటు పల్లె రూటుని మోస్తుందనేదే ప్రభుత్వ రవాణాకి ఆధారం. దూరం రూట్లలో ప్రైవేటు ట్రావెల్సుని యథేచ్ఛగా తిరగనిచ్చి, పల్లెవెలుగు నష్టమని ఏడవడం ఏం న్యాయం?

2019 అక్టోబరులో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. వాళ్లు పనిలోకి తిరిగొచ్చాక జరిగిందేమిటి? చార్జీలు పెరిగాయి, హైదరాబాదులోనే వందల బస్సులు రోడ్డు మీంచి పోయాయి. మన దగ్గర 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు, మంచిదే. అలాంటప్పుడు బస్సుని కూడా బడి లాగా, ఆసుపత్రి లాగా చూడాలి గదా. ఆదివారం నష్టమని ఆసుపత్రికి తాళం వేస్తామా?

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టిక్కెట్టు లేదు. మేం దాన్ని మనసారా ఆహ్వానిస్తున్నాం. నాటు కూలికి పోయే మనిషికి రానూపోనూ చార్జీ మిగలడం చిన్న విషయం కాదు. అయితే సున్నా టిక్కెట్టు సొమ్ము సర్కారు సంస్థకి సకాలంలో కట్టకపోతే మొదట వేటు పడేది పల్లె ట్రిప్పు మీదే. ఉచితమన్న బస్సు ఊళ్లోకి రాకపోతే ఆ ఉచితం ఎవరికి? "బస్సు వూరికినే అన్నారు, బస్సే నేదు" అని మా ముసలమ్మలు ఊరికే అనరు.

డ్రైవర్లకి, కండక్టర్లకి వారపు సెలవు ఇవ్వొద్దని మేం అనడం లేదు. డబల్ డ్యూటీ చేసి కళ్లు మూతలు పడే డ్రైవరు ఘాటీ ఎక్కించే బస్సులో కూర్చునేది మనమే. ఖాళీలు నింపండి, కొత్త బస్సులు కొనండి. సిబ్బంది లేరన్న సాకుతో ట్రిప్పు కోస్తే కార్మికుడికీ కూలీకీ మధ్య తగువు పెట్టినట్టే. ఆ తగువులోకి మనం దిగకూడదు. కండక్టరు మీద కేకలేసి లాభం లేదు.

మన్యం రోడ్ల కథ తెలిసిందే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో జనాన్ని పీడించడం, 1922 ఆగస్టులో సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడటానికున్న కారణాల్లో ఒకటి. ఆ తాతల చెమటతో పడిన దారుల మీద మనవళ్లకి వారానికి అయిదు రోజులే బస్సంటే ఎలా ఒప్పుకుంటాం?

కనుక ప్రతి ఊళ్లో ఒకరు నోటు పుస్తకం పెట్టండి. శని, ఆదివారాల్లో బస్సు ఎన్ని గంటలకి వచ్చింది, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది మిగిలిపోయారు, ఏ ట్రిప్పు రాలేదు, రాసుకోండి. నాలుగు వారాలు చాలు. రద్దయిన ట్రిప్పుల జాబితా సమాచార హక్కు చట్టం కింద డిపో నుంచి అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో తీర్మానం చేయించి, సోమవారం అనకాపల్లి కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇవ్వాలి. చింతపల్లి వైపు వాళ్లు పాడేరులో ఇవ్వాలి. తెల్లవారు బస్సుకే బయల్దేరండి, అది వస్తే. రాకపోతే ఆ సంగతీ పుస్తకంలో రాసి మరీ రండి.