తేదీ ముఖ్యమా, మదర్‌బోర్డు ముఖ్యమా?

ఓపెన్ సోర్స్ అనగానే మనవాళ్ళు చెప్పే మొదటి మాట, "ముందు రిలీజ్ చేసెయ్, బగ్గులుంటే జనమే చెప్తారు" అని. ఈ పద్ధతికి నేను వ్యతిరేకిని కాను. కానీ మెషీన్‌నే పాడుచేసే బగ్గు దగ్గర ఈ మాట చెల్లదు.

2008 సెప్టెంబరు సంగతి కొందరికైనా గుర్తుండే ఉంటుంది. లినక్స్ 2.6.27 కెర్నెల్ ఇంకా టెస్టింగ్‌లో ఉంది. దాంతో వచ్చిన ఉబుంటు, మాండ్రివా, ఓపెన్‌స్యూజ్ టెస్ట్ వెర్షన్లు వేసుకున్న కొందరికి ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోయాయి. కార్డు మీదుండే చిన్న మెమరీలో రాత చెడిపోయింది, ఓఎస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు. అందరూ ఇ1000ఇ డ్రైవర్‌నే తిట్టారు. అసలు దొంగ ఎఫ్‌ట్రేస్, అంటే కెర్నెల్ లోపల ఏం జరుగుతోందో చూడటానికి పెట్టిన పనిముట్టు! ఒక మాడ్యూల్ ఖాళీ చేసి వెళ్ళిన అడ్రస్‌లో అది రాస్తే, ఆ చోటు అప్పటికే కార్డు చేతికి వచ్చి ఉండేది. అక్టోబరు 9న 2.6.27 బయటికొచ్చేనాటికి కార్డు మెమరీకి తాళం వేసే ప్యాచ్ పెట్టారంతే. వారం తిరక్కముందే 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు.

అది టెస్టింగ్‌లో దొరికింది, సరే. టెస్టింగ్ ఉన్నదే అందుకు. నా కోపమంతా 2017 మీద. అక్టోబరులో వచ్చిన ఉబుంటు 17.10 టెస్ట్ వెర్షన్ కాదు, అసలు రిలీజ్. ఇంటెల్ ఎస్‌పీఐ డ్రైవర్ అందులో ఆన్ అయ్యి ఉంది. కొన్ని లెనోవో ల్యాప్‌టాపుల్లో బయోస్ సెట్టింగులు సేవ్ కావు, కొన్నిట్లో యూఎస్‌బీ నుంచి బూట్ కూడా కాదు. తెలియకపోతే దీన్ని ఆన్ చేయొద్దు, మెషీన్ బూట్ కాకుండా పోవచ్చు అని కెర్నెల్ కాన్ఫిగ్‌లోనే రాసి ఉంది మహాప్రభో! డిసెంబరులో డౌన్‌లోడ్ తీసేసి, 2018 జనవరిలో సరిచేసి మళ్ళీ పెట్టారు.

"ఫ్రీగా ఇచ్చినదానికి గ్యారంటీ ఏంటి?" అంటారు. లైసెన్సులో ఆ ముక్క ఉంది, ఒప్పుకుంటా. కానీ బోధన్‌లో డిగ్రీ చదివే పిల్లాడు అప్పు చేసి కొన్న ల్యాప్‌టాప్‌కి సర్వీస్ సెంటర్‌వాడు మదర్‌బోర్డు మార్చాలంటే, ఆ పిల్లాడు లైసెన్స్ చూసి ఊరుకుంటాడా? జన్మలో లినక్స్ జోలికి రాడు, ఇంకో పదిమందిని రానివ్వడు.

మాది చందూర్, చెరకు ప్రాంతం. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, సీజన్ లెక్కలు పెద్దోళ్ళకి ఇంకా నోటికే ఉంటాయి. కోసిన చెరకు ఆగదు. రోజు గడిచేకొద్దీ బరువు తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. అక్కడ తేదీ అంటే తేదీయే. సాఫ్ట్‌వేర్ అట్ల ఎండిపోదు కదా? ఇదే ఉబుంటు 6.06ని 2006 ఏప్రిల్ నుంచి జూన్‌కి జరిపారు, ఎవరి కొంపా మునగలేదు.

అప్లికేషన్ క్రాష్ అయితే రేపు అప్‌డేట్ పంపొచ్చు. ఫ్లాష్ మెమరీలో రాసే డ్రైవర్ మీద ఒక్క కంప్లైంట్ వచ్చినా సరే, ముందు దాన్ని ఆఫ్ చేసి, ఆ తర్వాతే తేదీ సంగతి చూడాలి.