వాల్వు రోగుల మాత్ర: ఒకరి మోతాదు ఇంకొకరికి ముప్పు

గుండె వాల్వు మార్పించుకున్నవారు మన పల్లెల్లో ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. చిన్నతనంలో వచ్చిన గొంతునొప్పికి సరైన మందు పడక, అది కీళ్ళ జ్వరంగా మారి, చివరకు గుండె వాల్వులను పాడు చేస్తుంది. కూలి నాలి చేసుకునే ఇళ్ళలోనే ఈ జబ్బు ఎక్కువ. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన తర్వాత ఈ ఖరీదైన ఆపరేషన్ పేదవారికి కూడా అందుబాటులోకి వచ్చింది. ఇది సంతోషించదగిన విషయం. అయితే ఆపరేషన్‌తో కథ ముగియదు. లోహపు వాల్వు పెట్టించుకున్నవారు బతికినంత కాలం రోజూ ఒక మాత్ర మింగాలి. వాల్వు మీద రక్తం గడ్డ కట్టకుండా చూసే మాత్ర అది. దాని కొలత తప్పితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. తెలియజెప్పేవారూ తక్కువే.

మా మండలంలోని ఒక గ్రామంలో వాల్వు మార్పించుకున్న స్త్రీలు ఇద్దరున్నారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే ఒళ్ళు. ఇద్దరికీ రాసింది ఒకే మందు. ఒకామెకు రోజుకు 4 మిల్లీగ్రాములు కావాలి. రెండో ఆమెకు ఒక్కటి చాలు. పండుగ రోజుల్లో రెండో ఆమెకు మాత్రలు అయిపోయాయి. పట్నం వెళ్ళడానికి చేతిలో డబ్బు లేదు. బియ్యం, చక్కెర బదులు తెచ్చుకున్నట్టే పొరుగామె దగ్గర మాత్రలు బదులు తెచ్చుకుంది. మందు పేరు ఒకటే గదా అనుకుంది. పది రోజులు తిరగకుండానే చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద నల్లని కముకు మచ్చలు, తారులాంటి విరేచనం. జిల్లా కేంద్రానికి తీసుకుపోగా ప్రాణం దక్కింది. ఒకామెను కాపాడుతున్న మోతాదే మరొకామెను చావు అంచుకు తీసుకుపోయింది.

గడ్డిలో దొరికిన మందు

వాల్వు రోగులకు మన దగ్గర రాసే ఇలాంటి మందులు ముఖ్యంగా రెండు. ఒకటి వార్ఫరిన్, రెండోది అసినోకుమరాల్. వీటి పుట్టుక రైతులు తెలుసుకోదగినది. 1920 ప్రాంతాల్లో అమెరికా ఉత్తర భాగంలో, కెనడాలో పశువులు ఉన్నట్టుండి రక్తం కారి చనిపోసాగాయి. స్వీట్ క్లోవర్ అనే మేత బూజు పట్టగా దాన్ని తిన్న పశువులకే ఈ గతి పట్టిందని తేలింది. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తాన్ని పాలక్యానులో పోసుకుని, మంచులో బండి నడుపుకుంటూ అక్కడి విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ళ తరబడి శ్రమించి 1939లో ఆ విషాన్ని విడదీసింది. దాని నుంచే వార్ఫరిన్ పుట్టింది. 1948లో అది ఎలుకల మందుగా బజారుకు వచ్చింది. 1954లో మనుషులకు వాడడానికి అమెరికాలో అనుమతి లభించింది. మరుసటి ఏడు ఆ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఇదే మందు ఇచ్చారు. పశువును చంపిన విషం మనిషిని బతికిస్తోంది. తేడా అంతా కొలతలోనే ఉంది.

పుట్టుకతో వచ్చే తేడా

ఆ కొలత మనిషి మనిషికీ ఎందుకు మారుతుంది? వయసు, బరువు, తిండి, ఇతర మందులు కొంత కారణం. వీటితోబాటు తల్లిదండ్రుల నుంచి సంక్రమించే జన్యువులు పెద్ద కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ ‘కె’ కావాలి. వాడిన ఆ విటమిన్‌ను శరీరం మళ్ళీ పనికి వచ్చేలా చేసుకుంటుంది. ఆ పని చేసే జన్యువు పేరు వి.కె.ఓ.ఆర్.సి.1. దాన్ని 2004లో కనుగొన్నారు. మందు అడ్డుకట్ట వేసేది ఈ పనికే. కొందరిలో ఈ జన్యువు తీరు వల్ల కొంచెం మందుకే రక్తం బాగా పలచబడుతుంది. మింగిన మందును కాలేయంలో విరిచి బయటికి పంపే జన్యువు మరొకటి ఉంది. దాని పేరు సి.వై.పి.2సి9. అది మందకొడిగా పనిచేసేవారిలో నిన్నటి మందు పోకముందే ఇవాళ్టి మందు వచ్చి చేరుతుంది. తూము సరిగా పారని చెరువులో నీరు గట్టు తెగేదాకా నిండినట్టే.

ఈ రెండు జన్యువులనూ ఒకసారి రక్తం తీసి పరీక్షిస్తే, ఎంత మోతాదుతో మొదలు పెట్టవచ్చో డాక్టరు ముందుగానే అంచనా వేయగలరు. జన్యువులు మారవు గనుక ఈ పరీక్ష జన్మకు ఒక్కసారి చాలు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే వార్ఫరిన్ వివరపత్రంలో ఈ సంగతి చేర్చింది.

అయితే ఈ పరీక్షను సర్వరోగ నివారిణిగా చెప్పడం సరికాదు. 2013లో రెండు పెద్ద పరిశీలనల ఫలితాలు ఒకేసారి వెలువడ్డాయి. బ్రిటన్, స్వీడన్ దేశాల్లో 455 మందిని పరిశీలించగా, జన్యువులు చూసి మందిచ్చినవారిలో రక్తం సరైన స్థాయిలో ఎక్కువ కాలం నిలిచింది. అమెరికాలో 1015 మందిని పరిశీలిస్తే తేడా ఏమీ కనిపించలేదు. పైగా ఆఫ్రికా సంతతివారిలో జన్యువుల లెక్క ప్రకారం ఇచ్చిన మోతాదే ఎక్కువగా గురి తప్పింది. 2017లో అమెరికాలో మోకాలు, తుంటి కీళ్ళు మార్పించుకున్న వృద్ధుల మీద జరిపిన మరో పరిశీలనలో మాత్రం మేలు తేటతెల్లమైంది. ప్రమాదాల పాలైనవారు మామూలు పద్ధతిలో నూటికి సుమారు 15 మంది కాగా, జన్యువులు చూసి మందిచ్చినవారిలో సుమారు 11 మంది. దీన్నిబట్టి రెండు సంగతులు అర్థమవుతాయి. పరీక్షలో పస ఉంది. కాని ఒకచోటి ప్రజల లెక్క ఇంకొకచోటి ప్రజలకు అతకదు. మనవారి రక్తాన్ని పరీక్షించి, మనవారికి సరిపోయే లెక్క కట్టాలి.

నెలనెలా పరీక్షే ప్రాణం

ఇంకొక సంగతి మరువరాదు. వయసు, బరువు, జన్యువులు అన్నీ కలిపి చూసినా మోతాదు తేడాల్లో దాదాపు సగానికే కారణం దొరుకుతోంది. మిగతా సగం రక్తాన్ని పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఐ.ఎన్.ఆర్. అనే ఈ పరీక్షలో మందు వాడనివారికి సుమారు 1 వస్తుంది. వాల్వు రోగులకు, వాల్వు రకాన్నిబట్టి, సాధారణంగా 2 నుంచి 3.5 మధ్య ఉండేలా చూస్తారు. తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, వాల్వే పట్టుకుపోవచ్చు. బాగా పెరిగితే మెదడులోనో కడుపులోనో రక్తం కారవచ్చు. విత్తనం రకం తెలిసినంత మాత్రాన రైతు చేను చూడడం మానడు. జన్యు పరీక్ష విత్తనం సంగతి చెబుతుంది. ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేను సంగతి చెబుతుంది.

మరి ఆ చిన్న పరీక్ష మనకు ఎక్కడ దొరుకుతోంది? మా మండలం ఆసుపత్రిలో లేదు. పట్నం వెళితే బస్సు చార్జీలు, పరీక్ష ఫీజు, ఒక రోజు కూలి పోతాయి. అందుకే చాలామంది ఆపరేషన్ నాటి చీటీ పట్టుకుని ఏళ్ళ తరబడి అదే మోతాదు మింగుతున్నారు. పరీక్ష అక్కరలేని కొత్త మాత్రలు వచ్చాయి గాని, లోహపు వాల్వు ఉన్నవారికి అవి పనికిరావు. డాబిగాట్రాన్ అనే కొత్త మందును అలాంటివారిలో పరీక్షించగా గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువ కావడంతో ఆ ప్రయత్నాన్ని మానుకున్నట్టు 2013లో వెల్లడైంది. కనుక వీరికి పాత మాత్రే శరణ్యం.

కావున ప్రభుత్వం ముందుగా మండల స్థాయి ఆసుపత్రుల్లో ఐ.ఎన్.ఆర్. పరీక్షను, ఈ మాత్రలను ఉచితంగా అందించాలి. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి నిమిషాల్లో ఫలితం చెప్పే చేతి మిషన్లు ఉన్నాయి. వాటిని నడపడం నర్సులకు నేర్పవచ్చు. ప్రతి రోగికి మోతాదు, పరీక్ష ఫలితం, తేదీ రాసే పుస్తకం తెలుగులో ఇవ్వాలి. ఆ తర్వాత వాల్వు ఆపరేషన్లు చేసే పెద్ద ఆసుపత్రుల్లో జన్యు పరీక్షను కూడా చేర్చి, ఫలితాన్ని అదే పుస్తకంలో రాయాలి. మనవారికి తగిన లెక్క కట్టడానికి అవే ఆధారమవుతాయి.

రోగులు కూడా జాగ్రత్త వహించాలి. మాత్రలు బదులు తీసుకోరాదు, ఇవ్వరాదు. ఆకుకూరలు మానవలసిన పని లేదు గాని, ఒక వారం బొత్తిగా మాని మరో వారం పూటపూటా తినడం ప్రమాదం. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ రక్తాన్ని మరింత పలచన చేస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది. ఒళ్ళు నొప్పులకు బిళ్ళలు, పిరుదుకు సూదులు, నాటుమందులు డాక్టరును అడగనిదే వద్దు. పన్ను పీకించుకునే ముందు, గర్భం దాల్చాలనుకున్నప్పుడు ముందుగానే చెప్పాలి. నల్లని విరేచనం, ఎర్రని మూత్రం, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగరాదు.

ప్రభుత్వం ఎంతో ఖర్చు పెట్టి ఆపరేషన్ చేయించి బతికించిన మనిషి, నెలకొక చుక్క రక్తం పరీక్షించేవారు లేక చనిపోతే ఆ ఖర్చంతా బూడిదలో పోసినట్టే. ప్రజాప్రతినిధులు, వైద్యశాఖ అధికారులు ఈ విషయమై ఇకనైనా శ్రద్ధ వహించాలి.