అతిథులు వచ్చినా పొలం పొలంగానే ఉండాలి

పొలంలో బసకు వచ్చే పట్టణవాసి కోరేది ప్రశాంతత. తెల్లవారకముందే పాలు పితికే రైతు కుటుంబానికి అది ఎక్కడిది? వ్యవసాయ పర్యాటకంపై మన చర్చల్లో గదులు, రాయితీల మాటే ఎక్కువ. సేద్యం కొనసాగుతుందా అన్న ప్రశ్న వెనుకబడుతోంది.

ఇటలీ ఆ ప్రశ్నను చట్టంలోనే చేర్చింది. 1985 నాటి చట్టం, దాని స్థానంలో 2006లో వచ్చిన చట్టం రెండూ ఆతిథ్యాన్ని సేద్యానికి అనుబంధంగానే అనుమతించాయి. సేద్యమే ప్రధానమని నిర్ధారించడానికి రెండు పనులకూ పట్టే సమయాన్ని ముఖ్యంగా చూడాలని 2006 చట్టం నిర్దేశించింది. అతిథులు పదిమందికి మించని చోట సేద్యమే ప్రధానమని పరిగణిస్తుంది. వడ్డించే ఆహారంలో సొంత పొలం, పరిసర ప్రాంతాల ఉత్పత్తులే అధికంగా ఉండాలి.

ఆదాయాన్ని కాక పనికాలాన్ని కొలమానంగా తీసుకోవడం వివేకవంతమని నా అభిప్రాయం. రెండు గదుల అద్దె ఎకరం వరిపై మిగిలే సొమ్మును దాటవచ్చు. అంతమాత్రాన రైతు హోటలు యజమాని కాడు. అయితే మన ఇళ్లలో అతిథులకు వండి వడ్డించే భారం అధికంగా స్త్రీలదే. పొలంలోనూ కలుపు తీసేది వారే. ఆ గంటలు లెక్కకు రాకపోతే కొలమానమే తప్పుతుంది. మన రాష్ట్రాలలో నిబంధనలు రూపొందించేవారు పనికాలాన్ని యజమాని పేరున మొత్తంగా కాక, ఇంటిలో ఎవరిది వారికి విడిగా నమోదు చేయించాలి.