మూత్రపిండ రోగులు - వికలాంగ శాసనము

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము కొబ్బరితోటలకును జీడితోటలకును పేరుగన్న సీమ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల గ్రామములలో దశాబ్దములుగా మూత్రపిండవ్యాధి తిష్ఠ వేసి కుటుంబములను కూల్చుచున్నది. త్రాగునీరా, నేలయా, ఎండలో చేయు కష్టమా, వంశలక్షణమా యని వైద్యపండితులు పరిశోధించుచునే యున్నారు. నిశ్చితమైన కారణ మింకను తేలలేదు. కారణము తేలువఱకు రోగి ఆగజాలడు. అతనికి నేడు చికిత్స కావలెను, జీవనాధారము కావలెను. ఈ రెండింటి విషయమున ప్రభుత్వములు చేసిన దేమి, చేయవలసిన దేమి యని విచారించుట మా ఉద్దేశము.

చేసిన మేలును చెప్పకుండుట ధర్మము కాదు. 2007 ఏప్రిలులో ఆరోగ్యశ్రీ పథకము మొదట ప్రవేశపెట్టబడిన మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. డయాలిసిస్ అను రక్తశుద్ధి చికిత్స పేదలకు ఉచితముగా లభించుచున్నది. 2019లో డయాలిసిస్ రోగుల నెలసరి పింఛను 10,000 రూపాయలైనది. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు తెఱవబడినవి. ప్రభుత్వములు మారినను పింఛను నిలిచినది. ఇందుకు సంతసింపనివా రుండరు.

అయినను రోగి దినచర్యను లెక్కించి చూడుడు. వారమునకు మూడుసారులు, సారికి సుమారు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడి యుండవలెను. అనగా సంవత్సరములో 156 దినములు. ప్రయాణమును, తరువాతి నీరసమును వేఱు. ఆ దినములలో కూలివానికి కూలి లేదు. గుమాస్తాకు సెలవులు చాలవు. తోడువచ్చు భార్యకో కుమారునకో పని పోవును. కాలుసేతులు చక్కగ నున్నవి గనుక లోకము వానిని ఆరోగ్యవంతుడని తలచును. విచారకర మేమన, మన శాసనమును అట్లే తలచుచున్నది.

1995 నాటి వికలాంగుల శాసనము ఏడు విధములైన వైకల్యములనే గుర్తించెను. 2016 శాసనము వానిని 21కి పెంచెను. తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ అను రక్తవ్యాధులును, పార్కిన్సన్ వ్యాధియు అందు చేరినవి. పైకి అంగలోపము కానరాకున్నను దీర్ఘరోగము మనుష్యుని అశక్తుని చేయగలదను సూత్రమును పార్లమెంటే అంగీకరించిన దన్నమాట. కాని మూత్రపిండములు రెండును చెడి యంత్రాధారమున బ్రదుకువాడు మాత్రము ఆ పట్టికలో లేడు! శాసనపు ముఖ్యఫలములు పొందుటకు 40 శాతము వైకల్యము కలదను పత్రము కావలెను. పట్టికలో పేరే లేని రోగమునకు శాతము కట్టువా రెవరు? ఉద్యోగకాలమున వికలాంగుడైన ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు అదే శాసనము ఘోషించుచున్నది. పట్టికలో లేని రోగి ఆ రక్షణ కోరినచో న్యాయస్థానపు మెట్లెక్కవలసి రావచ్చును. ఆదాయపు పన్ను నియమములో, దీర్ఘకాల మూత్రపిండ వైఫల్యమును తీవ్రవ్యాధులలో చేర్చినవి. పన్నుల శాఖకు కనబడిన రోగము సంక్షేమశాఖకు కనబడకుండుట వింత గాదా?

ఇందుకు క్రొత్త శాసన మక్కఱలేదు. కేంద్రప్రభుత్వము ప్రకటన మాత్రముచే ఇతర వైకల్యములను చేర్చవచ్చునని ఆ పట్టిక చివరనే వ్రాయబడి యున్నది. మూత్రపిండ మార్పిడి జరిగినవాడు కోలుకొనునుగదా యని కొందఱు ఆక్షేపింపవచ్చును. స్థితి మారగల వారికి గడువుతో కూడిన పత్ర మిచ్చు పద్ధతి ఇప్పుడే కలదు. కోలుకొనగలవా రున్నారని కోలుకొనలేనివారిని వెలివేయుట న్యాయము కాదు.

మధ్యతరగతివాని గతి వేఱు. అతడు ప్రభుత్వ పథకమునకు పేదవాడు కాడు, సొంతఖర్చునకు ధనికుడు కాడు. అతనికి ఆరోగ్య భీమాయే దిక్కు. పాలసీ తీసికొనుటకు ముందున్న వ్యాధికి 48 నెలల వఱకుండిన నిరీక్షణ కాలమును 2024 నిబంధనలు 36 నెలలకు తగ్గించినవి. మేలే, కాని వారమునకు మూడుసారులు రక్తశుద్ధి కావలసినవాడు 36 నెల లెట్లు నిరీక్షించును? కావున ఆరోగ్యముండగనే పాలసీ తీసికొనుడు. చక్కెర, రక్తపుపోటు మొదలగు వానిని దాచక వ్రాయుడు. పాలసీ ఎడతెగక 60 నెలలు నడచినపిదప, మోసము ఋజువైననే తప్ప, కంపెనీ దానిని ఆక్షేపింపరాదు. సొమ్ము నిరాకరింపబడినచో మొదట కంపెనీకే లిఖితపూర్వకముగ ఫిర్యాదు చేయుడు. నెలలోపల సరియైన సమాధానము రాకున్న, సంవత్సరము దాటకుండ, భీమా అంబుడ్స్‌మన్ నాశ్రయింపవచ్చును. ఆ కార్యాలయము హైదరాబాదున కలదు, రుసుము లేదు. ఈ సంగతి యెఱుగక హక్కును వదలుకొన్నవా రెందఱో!

2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వైకల్య, అనారోగ్య పింఛనులను మరల పరీక్షింపించినది. అనర్హులను తొలగించుట తప్పని మే మనము. ప్రజాధనము దొంగల పాలు కారాదు. కాని చెడిన మూత్రపిండము మరల మొలవదు. డయాలిసిస్ జరుగుచున్న ఆసుపత్రి లెక్కలలోనే సాక్ష్య మున్నది. దానిని అధికారులే తెప్పించుకొనవలెను. రోగిని కచేరీనుండి కచేరీకి త్రిప్పి, నీవు రోగివని నీవే ఋజువు చేసికొమ్మనుట క్రూరము.

తెలుగు పార్లమెంటు సభ్యులు పక్షభేదములు మఱచి కేంద్రము నీ ప్రకటనకై ఒత్తిడి చేయవలెను. గ్రంథాలయములలో కూర్చుండి ఈ పంక్తులు చదువు యువకులకు మా విన్నపము వేఱొకటి: మీ వీధిలో రక్తశుద్ధికి పోవు రోగి యొకడుండును. అతని కాగితములు చూచి, అర్జీ వ్రాసి పెట్టుడు. శాసనము మాఱువఱకు ఈ మాత్రపు సేవ మన చేతిలో నున్నది.