మా మగ్గం గుంట ఎవరు పూడ్చిండ్రు?

నేతను కళ అంటున్నరు. మంచిదే. 2022 జనవరిలో సిరిసిల్ల నేతన్న నల్ల విజయ్ అగ్గిపెట్టెల పట్టే చీర హైదరాబాద్‌ల మంత్రులకు చూపితే అందరూ మెచ్చిండ్రు. అదే ఏడు నవంబర్‌లో యెల్ది హరిప్రసాద్ నేసిన జీ-20 గుర్తు గురించి ప్రధాని రేడియోల చెప్పిండు. ఆ చేతులకు నేనూ దండం పెడ్త. నా కొట్లాట వాళ్లతోని కాదు. ఏది కళో, ఎవరు కళాకారులో తేల్చే పెద్దలతోని.

రాయికల్ దిక్కు మాలవాడల మా తాత గుంటమగ్గం మీద ముతక బట్ట నేసిండు. ఈ మాటంటే తోటి పంతులు ఒకాయన "మాలోళ్లు నేసుడేంది సారూ?" అని నవ్విండు. నవ్వెటోళ్లు షెడ్యూల్డ్ కులాల జాబితా విప్పి చూడాలె. అండ్ల 'మాల సాలె, నేతకాని' అని రాసే ఉన్నది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలోనూ మాలలు ముతక బట్ట నేస్తరని ఉన్నది. తెల్లదొరకు కనపడ్డ మగ్గం మన పండితులకు ఎందుకు కనపడలే?

సన్న పోగే కళనా? చేత వడికిన నూలు ఒక్కతీరుగ ఉండదు. ఒకచోట లావు, ఒకచోట సన్నం. దానికి గంజి పట్టించి, కుంచెతోని సాపుజేసి, తెగిన పోగును తెగినచోటే ముడేసి, ఏండ్లకేండ్లు కట్టినా పిగలని బట్ట దించుడు కళ గాదా? ఆ బట్ట కట్టుకునే కూలోళ్లు నాట్లేసిండ్రు, కోతలు కోసిండ్రు. దొర ఇంటోళ్లు మాత్రం నీళ్లు చల్లి బట్టను లోపలికి తీసుకునేటోళ్లని మా నాయినమ్మ చెప్పేది. నేసిన మనిషి వాకిలి బయటనే నిలవడాలె. బట్టకు పోయిన మైల మనిషికి పోలేదు.

మిల్లు బట్ట వచ్చినంక మా మగ్గం గుంట పూడింది. తాత దొర దగ్గర జీతమున్నడు. నాయిన భివండికి పోయి పవర్‌లూముల కాడ నిలవడ్డడు. నేతగాని కొడుకు అక్కడ ఉత్త కూలోడు. మా ఇంట్ల డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు.

2015 నుంచి ఆగస్టు 7న చేనేత దినం జరుపుతున్నరు. బడుల్లో పిల్లలతోని మగ్గం బొమ్మలు గీయిస్తున్నం. ఆ బొమ్మల మాలవాడ మగ్గం ఏది?

తమ్ముల్లారా, చెల్లెల్లారా, మీ వాడల ముసలోళ్లను అడుగుండ్రి. మగ్గం గుంట యాడుండె, నాడె ఎవరింట్ల అటుక మీదున్నది, పడుగు ఎవరు పోసిండ్రు, కండెలు ఎవరు చుట్టిండ్రు, పేరు పేరున రాసుకోండ్రి. చేనేత చరిత్ర రాసెటోళ్లు మా గుంటల దిగి చూసి రాయాలె. వాళ్లు దిగకపోతే మేమే రాస్తం.